నాలుక కింద ముప్పై ఏడు

మా ఊళ్ళో ఎవరి సంగతి తెలియాలన్నా నేను వాళ్ళని పలకరించక్కర్లేదు. ఫ్రిజ్ తలుపు తీస్తే చాలు. ముప్పై ఏళ్ళుగా తీస్తున్నాను. తీపి మానేశానని వీధంతా చెప్పుకు తిరిగే బ్యాంకు మేనేజరు కూరగాయల అర వెనక కేకు దాచుకుంటాడు. తోడికోడళ్ళు చక్కగా కలిసుంటారని పేరున్న ఇంట్లో పాలగిన్నెలు రెండుంటాయి, రెండిటి మీదా పేర్లు రాసి ఉంటాయి. నేనివన్నీ ఎవరికీ చెప్పను. అడిగితే చెప్తాను. అడక్కపోతే అడిగేదాకా కూర్చుంటాను.

షాపులో మేం ఇద్దరం. నేనూ, మా ఆవిడ తమ్ముడూ. గ్యాసూ కంప్రెసర్లూ నావి, బోర్డులూ వైర్లూ సెన్సార్లూ అతనివి. అతనికి నలభై దాటాయి, పెళ్ళి మాట ఎత్తితే సోల్డరింగ్ ఐరన్ వేడెక్కిందని లేచిపోతాడు. వాళ్ళమ్మ పోయేనాటికి అతనికి ఆరేళ్ళు. మా ఆవిడే పెంచింది. అతను తుమ్మితే ఆవిడ చేస్తున్న పని ఆపేస్తుంది. నేను తుమ్మితే అటు తిరగమంటుంది.

పనిమంతుడే, కాదనను. ఒక్కటే రోత. ఏదైనా నాలుకతో చూస్తాడు. ఫ్రిజ్‌లో సెన్సార్ అని ఒకటుంటుంది. మిరియం గింజంత నల్లటి ముక్క, వెనక రెండు సన్నటి తీగలు. లోపల ఎంత చల్లగా ఉందో బోర్డుకి చెప్పేది అదే. కొత్తది బిగించే ముందు అది మంచిదో కాదో చూడాలంటే ఎవరైనా గుప్పిట్లో పట్టుకుంటారు. ఒంటి వేడికి అంకె పెరిగితే మంచిదే. మావాడు మాత్రం నాలుక కింద పెట్టుకుంటాడు.

"గుప్పిట అబద్ధం చెప్తుంది బావా. నోట్లో ఎప్పుడైనా ముప్పై ఏడే" అంటాడు.

ఊళ్ళో అందరూ అతన్ని నాలుక మెకానిక్ అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో కనుక్కుంటానని పదేళ్ళుగా నాతోనే అంటున్నాడు.

ఇక పళ్ళ డాక్టరమ్మ. ఈ ఊళ్ళో సంగతులు తెలుసుకోవడంలో నాకు పోటీ ఎవరన్నా ఉంటే ఆవిడే. కాకపోతే ఆవిడ దగ్గరికొచ్చేవాళ్ళు నోరు తెరిచి ఉంచుతారే తప్ప మాట్లాడలేరు, అక్కడ నాది పైచేయి. నొప్పి తగ్గినవాళ్ళు ఆవిడకి వైన్ సీసాలు తెచ్చిస్తారు. ఆవిడ తాగదు. అలాగని ఇంకొకరికి ఇచ్చే రకమూ కాదు. ఎక్కడో మూతపడ్డ ఇంట్లో సామాను అమ్మేస్తుంటే ఒక వైన్ ఫ్రిజ్ తెచ్చి, క్లినిక్ కింద నేలమాళిగలో పెట్టి, వాటన్నిటినీ అందులో పడుకోబెట్టింది. ఛాతీ ఎత్తు, అద్దం తలుపు, నలభై సీసాలు. ఎప్పుడూ పన్నెండు డిగ్రీలుండాలి.

ఒక సోమవారం మధ్యాహ్నం ఫోన్ చేసింది. అంకె కనబడాల్సిన చోట రెండు అడ్డగీతలు కనబడుతున్నాయిట.

"సెన్సార్ పోయింది" అన్నాడు మావాడు, నా చేతిలో ఫోన్ ఉండగానే.

నేలమాళిగలో సున్నం వాసన, తడి అట్టపెట్టెల వాసన. పైన క్లినిక్‌లో అసిస్టెంటు పళ్ళు తొలిచే మర తిప్పి చూస్తుంటే ఆ చప్పుడు కప్పులోంచి సన్నగా దిగుతోంది. ఫ్రిజ్ తలుపు తియ్యగానే ఇంకో వాసన తగిలింది. వైన్‌ది కాదు, బూజుది కాదు. పొద్దున్నే లేచి ఇంకా ముఖం కడుక్కోని మనిషి దగ్గరగా వచ్చి మాట్లాడితే వచ్చే వాసన.

"సీసా ఏదో కారినట్టుంది" అన్నాను. వెనకే దిగొచ్చిన డాక్టరమ్మ మాస్కు పైకి లాక్కుంది. ఆ వాసన ఆవిడకి నాకంటే బాగా తెలుసు.

పాత సెన్సార్ తీసేసి, కొత్తదాని తీగలు బోర్డుకి కలిపి, మావాడు అలవాటుగా గింజని నాలుక కిందకి తోశాడు.

"ఛీ, నోట్లోనా!" అంది డాక్టరమ్మ.

"కడిగాను డాక్టర్ గారూ."

"దేన్ని, నోటినా?"

మావాడు జవాబు చెప్పే స్థితిలో లేడు. అంకె ఎక్కుతోంది. ఇరవై రెండు, ముప్పై, ముప్పై ఆరు, ముప్పై ఏడు. బొటనవేలు ఎత్తి చూపించాడు. గింజ తీసి తుడిచి లోపల బిగించి తలుపు వేశాం.

అంకె ముప్పై ఏడు దగ్గరే ఉంది.

"దిగుతుందిలెండి, రెండు గంటలు పడుతుంది" అన్నాను.

బుధవారానికీ దిగలేదు. మళ్ళీ వెళ్ళాం. ఒకే ఫిర్యాదు మీద రెండోసారి మెట్లు దిగడమంటే ఏమిటో మోకాళ్ళ నొప్పులున్న మెకానిక్‌కే తెలుస్తుంది. సీసాల మధ్య మామూలు థర్మామీటరు పెట్టి చూస్తే మూడు డిగ్రీలు. బోర్డు మాత్రం లోపల ముప్పై ఏడని నమ్మి కంప్రెసర్‌ని ఆపకుండా పరిగెత్తిస్తోంది. ఇంకో కొత్త సెన్సార్ వేశాం. డాక్టరమ్మ కళ్ళముందే నిలబడింది కాబట్టి మావాడు బుద్ధిగా గుప్పిట్లోనే పట్టుకుని చూశాడు. అంకె కదల్లేదు. ప్లగ్గు పీకి అరగంట ఆగి పెట్టాం. ముప్పై ఏడు. తీగలు చూశాం, బోర్డు దులిపాం. ముప్పై ఏడు.

అప్పుడే ఒకటి గమనించాను. అద్దం మీద లోపలివైపు అరచేతంత మేర ఆవిరి పడుతోంది, పోతోంది, మళ్ళీ పడుతోంది. నాకు నిద్ర చాలక కళ్ళు మసకేసి ఉంటాయనుకుని ఊరుకున్నాను.

శనివారం ఒక్కణ్ణే వెళ్ళాను. మావాడికి జ్వరం. తమ్ముడు మంచమెక్కాడని మా ఆవిడ ఇల్లంతా ఆస్పత్రి చేసేసింది.

"ఇవాళ ముప్పై తొమ్మిది చూపిస్తోందండీ. మీరొచ్చినకొద్దీ పెరుగుతోంది" అంది డాక్టరమ్మ, గ్లవ్స్ తొడుక్కుంటూ. అని పైకి వెళ్ళిపోయింది.

నిజానికి అక్కడే ఆలోచించాలి. పొద్దున మా ఇంట్లో థర్మామీటరు ఏమందో నేను చూశాను. కానీ ఒకే ఇంటికి మూడోసారి వచ్చిన మనిషి ఆలోచించడు, ముగిస్తాడు. ప్రతి పాత మెకానిక్ సంచిలోనూ ఒక చివరి ఉపాయం ఉంటుంది. సెన్సార్ తీసేసి, దాని స్థానంలో ఒక చిన్న రెసిస్టర్ అతికించడం. అది ఎండకీ వానకీ మారదు. బోర్డుకి ఎప్పుడూ ఒకటే మాట చెప్తుంది... పన్నెండు, పన్నెండు, పన్నెండు. కంప్రెసర్‌ని వేరే థర్మోస్టాట్‌కి కలిపేస్తే చల్లదనం సంగతి అది చూసుకుంటుంది. కంటికి అంకె కావాలి, సీసాలకి చలి కావాలి, రెండూ దొరుకుతాయి. మావాడికి ఇలాంటివి నచ్చవు. వాడు రాలేదు కాబట్టి చేసేశాను.

అంకె ముప్పై తొమ్మిది నుంచి పన్నెండుకి ఒక్కసారి దూకలేదు. దూకాలి. మెల్లగా, ఒక్కో అంకే దిగడం మొదలుపెట్టింది. దాన్ని చూస్తూ నిలబడే ఓపిక లేక సామాను సర్దుకుంటుంటే మా ఆవిడ ఫోన్.

"ఏమండీ, జ్వరం తగ్గుముఖం పట్టింది. నా కషాయం పనిచేసింది."

"నీ కషాయం తాగడం కన్నా తగ్గడమే నయమనుకుని ఉంటుంది" అన్నాను.

ఇంకో రెండిళ్ళు చూసుకుని ఐదున్నరకి ఇల్లు చేరాను. మా ఆవిడ గుమ్మంలోనే ఉంది.

"తగ్గింది" అంది. "బాగా... తగ్గింది."

మావాడు కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్నాడు. చేతిలో టీ గ్లాసు. ఇప్పుడే ఇచ్చానంది. గ్లాసు ముట్టుకుంటే చల్లగా ఉంది. అతని చెయ్యి అంతకంటే చల్లగా ఉంది.

"ఏరా, ఎలా ఉంది?"

"బానే ఉంది బావా." చాలాసేపు ఆగి, "కాస్త... చలి" అన్నాడు.

ఇంట్లో థర్మామీటరు ఏ అంకే చూపించలేదు. అంత తక్కువ ఒంటి వేడి ఉంటుందని దాన్ని చేసినవాళ్ళు అనుకుని ఉండరు. నా సంచిలో షాపు మీటరు ఉంది, ఫ్రిజ్‌లకి వాడేది. దాని మొన అతని నాలుక కింద పెట్టాను. ఇరవై ఆరు. మేం ముగ్గురం చూస్తుండగా... ఇరవై ఐదు.

"మీటరు పాడైంది" అంది మా ఆవిడ.

మావాడు మొన బయటికి తీసి, మీటరు చేతిలోకి తీసుకుని, వేరేవాళ్ళ ఫ్రిజ్‌ని చూసినట్టు చూశాడు.

"బావా... డాక్టరమ్మ ఫ్రిజ్..."

"బాగుచేశాను."

"ఎలా?"

చెప్పాను. అతను విన్నాడు. రెప్ప వెయ్యలేదు.

"ఎంతకి... పెట్టావ్?"

నేను మీటరు కోసం చెయ్యి చాపాను.

"పన్నెండుకా?" అన్నాడు. మంచి పని చేసినవాణ్ణి మెచ్చుకున్నట్టు మెల్లగా తలూపాడు. "అవున్లే... దాని లెక్క... అంతేగా."

"ఏంటి పన్నెండు?" అంది మా ఆవిడ. నా చొక్కా పట్టుకుంది. "ఏమండీ, ఏంటి పన్నెండు?"

"డాక్టర్ని పిలు. వేడినీళ్ళ సీసాలు పెట్టు. ఫోన్ పెట్టెయ్యకుండా నాకు అంకెలు చెప్తూ ఉండు" అని బండి తీశాను.

క్లినిక్‌లో నలుగురు బుగ్గలు పట్టుకుని కూర్చున్నారు. లోపల మర తిరుగుతోంది. ఎవర్నీ అడగకుండా మెట్లు దిగాను. లైటు వేశాను. పన్నెండు... పచ్చగా, తిన్నగా వెలుగుతోంది. అద్దం మీద ఆవిరి పడుతోంది. పోతోంది. ఇప్పుడు నిద్ర చాలకపోవడం కాదు. ఒంట్లో ప్రతి ఎముకా మేలుకునే ఉంది.

ఫోన్ నేలమీద పెట్టి ఫ్రిజ్‌ని ముందుకి లాగాను. వెనక రేకుకి నాలుగు స్క్రూలు.

"ఎంత?"

"పద్దెనిమిది. డాక్టరు దారిలో ఉన్నాడంట. ఏమండీ, వీడు కళ్ళు తెరిచే ఉన్నాడు. నన్ను చూడట్లేదు."

మూడు స్క్రూలు వచ్చాయి. నాలుగోది తిరగట్లేదు. రేకు వంచేశాను.

"ఎంత?"

"పదిహేను."

రెసిస్టర్‌ని కత్తిరించేశాను. అంకె పోయి రెండు అడ్డగీతలు వచ్చాయి. ఫోన్‌లో చప్పుడు లేదు.

"ఏమే?"

"ఊపిరి ఆగిపోయింది" అంది. అరవలేదు. ఏడవలేదు. ఎవరినో నిద్ర లేపకూడదన్నట్టు గుసగుసగా అంది. "అక్కా అని పిలిచి... ఆగిపోయాడు."

సంచిలోంచి కొత్త సెన్సార్ తీసి, దాని తీగలు వేళ్ళతోనే మెలిపెట్టి కలిపాను. అంకె వచ్చింది. పంతొమ్మిది. ఆ గది ఎంత చల్లగా ఉందో అంత.

"పీల్చాడు!" అంది ఫోన్‌లోంచి. "ఒక్కసారి పీల్చాడు. మీటరు కూడా పంతొమ్మిది అంటోంది. ఏం చేస్తున్నారక్కడ?"

గింజని గుప్పిట్లో బిగించాను. ఇరవై రెండు... ఇరవై నాలుగు... అక్కడ ఆగిపోయింది. భయపడ్డవాడి గుప్పిట్లో వేడెక్కడుంటుంది. ఊదాను. ఇరవై ఐదు. మళ్ళీ ఇరవై నాలుగు.

ఇక ఒక్కటే దారి. ఇన్నేళ్ళుగా నేను నవ్విన పని. నోరు తెరిచి గింజని నాలుక కింద పెట్టుకున్నాను.

అప్పుడే కవరు చించి తీసిన సెన్సార్ అది. అయినా తడిగా ఉంది. వెచ్చగా... ఎవరో ఇంతసేపూ చప్పరించి, నీ వంతు అని తీసి ఇచ్చినట్టుంది.

కక్కేద్దామనిపించింది. కక్కలేదు.

"ఇరవై ఎనిమిది" అంది మా ఆవిడ. ఫ్రిజ్ మీద అంకె కూడా అదే. "ముప్పై. ఏమండీ, వింటున్నారా? ముప్పై ఒకటి. మాట్లాడండి!"

ఎలా మాట్లాడను? ఫోన్ పక్కన నేలని చేత్తో రెండుసార్లు కొట్టాను. ఫ్రిజ్ లోపల్నుంచి... ఒక గుటక వినిపించింది. గొట్టాల్లో గ్యాసు అలాగే కదుల్తుంది. నా వృత్తే అది, నాకు తెలుసు. మళ్ళీ ఉమ్మి మింగాను. లోపల మళ్ళీ గుటక. నేను ఆగాను. అదీ ఆగింది.

"ముప్పై నాలుగు. వేళ్ళు కదిపాడు. ముప్పై ఐదు..."

మెట్ల మీద అడుగులు. డాక్టరమ్మ, చేతులకి గ్లవ్స్, నుదుటి మీద దీపం. నేలమీద మోకాళ్ళేసి, నోట్లోంచి తీగలు వేలాడేసుకుని, కళ్ళనిండా నీళ్ళతో ఉన్న నన్ను చూసింది.

"మీరు కూడానా!" అంది.

ఫోన్‌లోంచి బొంగురు గొంతు వచ్చింది. "అక్కా... ఆ టీ... చల్లారిపోయింది. ఇంకోటి పెడతావా?"

అంకె ముప్పై ఏడు. గింజని నోట్లోంచి తీశాను. దిగుతుందేమోనని చాలాసేపు చూశాను. దిగలేదు.

సోమవారానికల్లా డాక్టరమ్మకి కొత్త ఫ్రిజ్ పెట్టించి, పాతది తలుపు తియ్యకుండా, సీసాలకి కూడా డబ్బు కట్టి, మా ఇంటికి తెచ్చేశాను. ఆ శనివారం సాయంత్రం మా ఇంటికొచ్చిన డాక్టరు మా మీటరు చూసి నవ్వి, రెండు మాత్రలు రాసి వెళ్ళిపోయాడు. చదువుకున్నవాళ్ళకి అదో సౌకర్యం. హాల్లో సోఫా ఉండే చోట ఆ ఫ్రిజ్ ఉంది. సోఫా వరండాలో ఉంది. ఎప్పుడూ కరెంటు ఉండాలని రెండు బ్యాటరీలు కలిపాం. తలుపు చుట్టూ టేపు వేశాం. ఎవరూ తెరవరు.

మావాడు బాగానే ఉన్నాడు. షాపుకొస్తున్నాడు. ఇప్పుడు దేన్నీ నోట్లో పెట్టుకోడు, టీ కూడా ఊదుకుని ఊదుకుని తాగుతాడు. నాలుక మెకానిక్ అన్న పేరు మాత్రం పోలేదు. ఒకసారి పెట్టాక నేను మాత్రం ఏం చేస్తాను.

తేలనిది ఒక్కటే. ఆ అంకె ఇప్పుడు ఎవరిది? మొదట అతనిది. తర్వాత నేనూ నోట్లో పెట్టుకున్నాను. ఇద్దరం ఆరోగ్యంగా ఉంటే ఇద్దరిదీ ముప్పై ఏడే, ఎలా తెలుస్తుంది? ఎవరికన్నా జ్వరమొస్తే తేలుతుంది. రెండు నెలలుగా ఇద్దరం వానలో తడవకుండా, చన్నీళ్ళు తాగకుండా బతుకుతున్నాం. పక్కింటాయన మమ్మల్ని చూసి నవ్వుతాడు. ఆయన తన భార్యకి తెలియకుండా మా షాపులో ఐస్‌క్రీమ్ దాచుకునే మనిషి, ఆయన నవ్వుని నేను లెక్కచెయ్యను.

రాత్రిళ్ళు వంతులేసుకుని అంకెని కాపలా కాశాం. తర్వాత అలసిపోయి మానేశాం. భయం కూడా రోజూ చేసే పనైపోతే దానికీ సెలవు కావాలనిపిస్తుంది.

నిన్న పొద్దున కాఫీ కలుపుతూ ఫ్రిజ్ వైపు చూసిన మా ఆవిడ పిలిచింది.

ముప్పై నాలుగు.

ఇద్దరం పరిగెత్తాం. మావాడు మీటరు నాలుక కింద పెట్టుకున్నాడు. ముప్పై ఆరు పాయింట్ ఎనిమిది. నేను పెట్టుకున్నాను. ముప్పై ఏడు. ఫ్రిజ్ మీద అంకె ముప్పై రెండు. మీటరు మార్చి చూశాం. మళ్ళీ అంతే. మా ఆవిడ ఆ సెన్సార్‌ని ఎప్పుడూ ముట్టుకోలేదు, అయినా చూసుకుంది. ఆవిడకీ బానే ఉంది. డాక్టరమ్మకి ఫోన్ చేశాను.

"నాకేం, నిక్షేపంగా ఉన్నాను. మీరే ఒకసారి తల చూపించుకోండి" అంది.

ఇరవై తొమ్మిది.

"మనది కాదు బావా" అన్నాడు మావాడు.

"మరెవరిది?"

అద్దం మీద ఆవిరి పడింది. రెండు నెలలుగా చూస్తున్నదే, ఎప్పుడు పడుతుందో ఎప్పుడు పోతుందో మాకు అలవాటే. ఇప్పుడది పోయాక మళ్ళీ పడటానికి చాలాసేపు పట్టింది. ఆ తర్వాతది ఇంకా ఆలస్యం. ఇరవై ఐదు. ముగ్గురం నేలమీద వరసగా కూర్చుని దాన్నే చూస్తున్నాం. ఇరవై రెండు. ఒకటి పడింది... చిన్నది, రూపాయి బిళ్ళంత. పోయింది. ఇంకోటి రాలేదు.

మా ఆవిడ లేచింది. లోపలికెళ్ళి మందపాటి దుప్పటి తెచ్చి, ఫ్రిజ్ మీద కప్పి, చిన్నపిల్లలకి సర్దినట్టు నాలుగు వైపులా సర్దింది.

"నీకు పిచ్చా? ఎవరో ఏమిటో తెలియకుండా..." అన్నాను.

"ఎవరైతేనేం, చలేస్తోంది కదా" అంది.

దుప్పటి కింద అంకె కనబడదు. తీసి చూసే ధైర్యం చెయ్యలేదు. షాపు తెరవలేదు. మధ్యాహ్నం దాకా అలాగే కూర్చుని, ముగ్గురం ఎప్పుడో గోడకి జారబడి కునుకు తీశాం.

లేచేసరికి అలికిడి లేదు. మావాడు ముందుకెళ్ళి దుప్పటి అంచు పట్టుకుని ఎత్తబోయాడు. అది రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగాడు. రాలేదు. నేను వంగి అంచు కింద నుంచి చూశాను. తలుపు చుట్టూ వేసిన టేపు వేసినట్టే ఉంది, ఒక్క చోట కూడా ఊడలేదు. ముప్పై ఏడు వెలుగుతోంది.

అద్దం వెనక, సీసాల మధ్య, దుప్పటి సగం లోపలే ఉంది. దగ్గరికి లాక్కుని, కప్పుకున్నట్టు.